డీలక్స్ రీఇష్యూ (పాత ఆల్బమ్‌ను అదనపు డిస్కులతో మళ్లీ విడుదల చేసిన పెట్టె) కొనే ముందు పాత సీడీతో ఎలా పోల్చి చూసుకోవాలి?

కావలసినవి: మీ పాత సీడీ, వైరున్న హెడ్‌ఫోన్, కంప్యూటర్, అందులో ఆడాసిటీ (పాటల్ని కత్తిరించి సరిచేసే సాఫ్ట్‌వేర్, ఉచితమే). బ్లూటూత్ పనికిరాదు. ఫ్యాను కట్టేయండి.

1. స్టిక్కర్ చదవండి. రీమాస్టర్ అంటే ఎప్పుడో మిక్స్ చేసేసిన టేపుకే మళ్లీ మెరుగులు దిద్దడం. రీమిక్స్ అంటే గొంతు, వాయిద్యాలు విడివిడిగా ఉన్న మల్టీట్రాక్ టేపుల దాకా వెనక్కెళ్లి గొంతు ఎక్కడ, డ్రమ్స్ ఎక్కడ అని మొదట్నుంచీ తేల్చుకోవడం. బీటిల్స్ ఆల్బమ్ 'సార్జంట్ పెప్పర్స్' 2009 సీడీ రీమాస్టర్. 2017లో ప్రొడ్యూసర్ జైల్స్ మార్టిన్ చేసింది రీమిక్స్. రెంటినీ ఒకే గాటన కట్టేవాళ్లతో నేను వాదించడం మానేశాను.

2. పెట్టెలో ఏముందో చూడండి. డిస్కులు లెక్కపెట్టి మురిసిపోవద్దు. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్' 2011 పెట్టెలో గోలీలు, మఫ్లర్ కూడా ఇచ్చారు. ఔట్‌టేక్‌లు (ఆల్బమ్‌లోకి తీసుకోని రికార్డింగులు) ఎవరైనా ఒక్కసారే వింటారు.

3. శబ్దం సమానం చేయండి. అందరూ బోల్తాపడేది ఇక్కడే. కొత్త డిస్కులు చాలావరకు పాతవాటికన్నా గట్టిగా మోగుతాయి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అది 'గట్టిగా' అనిపించదు, 'బాగుంది' అనిపిస్తుంది. నేనూ ఒకసారి కొట్లో విని, ఎగిరి గంతేసి ఓ పెట్టె కొన్నాను. ఇంటికొచ్చి శబ్దం సమానం చేసి వింటే పాత సీడీయే నయం. వాల్యూమ్ నాబ్ తిప్పి చెవితో సరిచూసుకుంటానంటారు కొందరు. కుదరదు.

కొత్తదాన్నుంచి ఒక్క పాట డౌన్‌లోడ్ కొనండి. స్నేహితుల దగ్గర డిస్కుంటే ఇంకా మంచిది. రెంటినీ ఆడాసిటీలోకి తెచ్చి, రెంట్లోనూ అవే ఇరవై సెకన్లు ఉంచి మిగతాది కత్తిరించండి. కత్తిరించకముందే కొలిస్తే మొత్తం పాట లెక్క వస్తుంది, మీరు వినే ముక్కది రాదు. తర్వాత రెంటినీ సెలెక్ట్ చేసి లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనానికి కొలత) పెట్టండి. అంత తక్కువెందుకంటే, పాతదాన్ని పైకి లాగితే శిఖరాలు తెగి బరబరమంటుంది. స్టీరియో చానెళ్లను విడివిడిగా సరిచేసే గడిలో టిక్ ఉంటే తీసేయండి. అది ఎడమ, కుడి బ్యాలెన్సునే మార్చేస్తుంది. మీరు పోల్చాలనుకున్నదే అది కదా!

పాట ఎంపికలోనూ ఓ గొయ్యి ఉంది. 'పెప్పర్స్'లోని 'షీజ్ లీవింగ్ హోమ్' మాత్రం వద్దు. 1967 స్టీరియోలో ఈ పాట నెమ్మదిగా, కింది శ్రుతిలో నడుస్తుంది. 2017 మిక్స్‌లో మోనో (ఎడమ, కుడి తేడా లేని ఒకే చానెల్) వెర్షన్ వేగమే పెట్టారు. శ్రుతి పెరిగితే పాటకు ప్రాణమొచ్చినట్టుంటుంది, మీరు మిక్స్‌ను మెచ్చుకుంటున్నారో వేగాన్నో తెలియదు.

ఇప్పుడు కళ్లు మూసుకోండి. ఒక ట్రాక్‌నే వినిపించే సోలో బటన్ ఇంకొకరి చేత నొక్కించండి. మా ఇంట్లో ఈ పని మా ఆవిడది, విసుక్కుంటూనే చేస్తుంది. రీమాస్టర్ అయితే పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏది ఏదో చెప్పగలగాలి. లేదంటే తేడా లేనట్టే, డబ్బు మిగిలింది. రీమిక్స్‌లో తేడా ఇట్టే దొరుకుతుంది. అక్కడ తేల్చుకోవాల్సింది ఏది మళ్లీ పెట్టుకోబుద్ధవుతోందని. వేవ్‌ఫామ్ (శబ్దాన్ని గీతగా చూపే) బొమ్మ చూసి, ఎత్తుపల్లాల్లేవని 'ఇటుకలా ఉంది' అని తీర్పిచ్చేవాళ్లు ముందు వినడం నేర్చుకోవాలి.

4. నచ్చితే రెండు సీడీల ఎడిషన్ కొనండి, చాలు. 'పెప్పర్స్' ఆరు డిస్కుల పెట్టె మోనో లేనివాళ్లకే. నాలుగు సీడీలు, ఒక డీవీడీ, ఒక బ్లూరే, 144 పేజీల పుస్తకం అన్నీ ఉన్నా, నేను బయటికి తీసేది మోనో ఉన్న నాలుగో సీడీ ఒక్కటే. అందులో ఇచ్చిన కాగితం మీసం ఇంకా కత్తిరించనేలేదు.