కారు రేడియేటర్ పైపు నుంచి కూలెంట్ కారుతుంటే ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

వేసవిలో సాలూరు నుంచి ఒడిశాలోని కొరాపుట్ వెళ్తుంటే సుంకి ఘాట్ మలుపుల్లో బోనెట్ ఎత్తి నిలబడ్డ కార్లు కనబడటం మామూలే. వాటిలో కొన్నింటికి జబ్బు ఇంజన్‌లో ఉండదు. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్యనున్న రబ్బరు పైపులోనో, ఆ పైపును బిగించే క్లిప్పులోనో ఉంటుంది. జయపురంలోనో రాయగడలోనో బజారు దాకా తిరిగినన్నాళ్లూ ఆ చిన్న లీకు బయటపడదు. నలుగురు మనుషులూ సామానూ ఎక్కించుకుని, ఏసీ వేసుకుని సెకండ్ గేరులో కొండ ఎక్కుతుంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, బాగా వేడెక్కుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అన్నాళ్లూ చుక్కగా ఊరింది కాస్తా అప్పుడు చిమ్ముతుంది.

పైపు మార్చడం పెద్ద పనేం కాదు. స్క్రూ డ్రైవర్, ప్లయర్, బ్లేడు, ఒక వెడల్పాటి టబ్బు, పాత గుడ్డలు ఉంటే చాలు. లీకు రేడియేటర్ ఒంట్లోనో వాటర్ పంపులోనో ఉంటే మాత్రం అది మెకానిక్ పని.

ముందు ఇంజన్ చల్లారనివ్వండి

ఈ పనిలో ఒళ్లు కాలేది ఇక్కడే. కూలెంట్, నీళ్లు సగంసగం కలిపిన ద్రవం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, 120 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలదు. వేడి మీద మూత తీశారంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలున్నదంతా ఆ క్షణంలోనే మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ కప్పి తీసినా కాలుతుంది. గంటా గంటన్నర ఆగండి. పై పైపును పట్టుకుంటే చల్లగా ఉండాలి, నొక్కితే మెత్తగా లోపలికి పోవాలి. అప్పుడే మూత ముట్టుకోండి. ఇప్పటి చాలా కార్లలో రేడియేటర్ మీద మూతే ఉండదు, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాకే ఉంటుంది. దానికీ ఇదే జాగ్రత్త.

కరెంటు ఫ్యాను ఇంజన్ ఆపాక కూడా ఉన్నట్టుండి తిరగొచ్చు. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాకే చెయ్యి లోపల పెట్టండి.

ఇంకో సంగతి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. టబ్బులో పట్టింది వాకిట్లో వదిలేస్తే వీధి కుక్కో, పిల్లో, ఇంట్లో చిన్నపిల్లలో నోట పెట్టే ప్రమాదం ఉంది. కొంచెం తాగినా ప్రాణం మీదికి వస్తుంది. ఎప్పటికప్పుడు మూతున్న డబ్బాలో పోసి దాచండి.

లీకు ఎక్కడో పట్టుకోవడం

కారు కింద తడి కనబడగానే టెన్షన్ పడొద్దు. ఏసీ వేసిన కారు కింద నీళ్లు కారడం సహజం. ఆ నీటికి రంగుండదు, వాసనుండదు, వేళ్ల మధ్య జిగురుండదు. కూలెంట్ అయితే ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో, నీలంగానో ఉండి కాస్త తియ్యటి వాసన వేస్తుంది. రాత్రి కారు ముందు భాగం కింద ఒక అట్టముక్క పరిచి ఉంచితే, పొద్దున్నకల్లా చుక్క ఏ వైపు పడుతోందో తెలిసిపోతుంది.

తర్వాత టార్చి వేసి రెండు పైపులూ చూడండి. పైది ఇంజన్ నుంచి వేడి కూలెంట్‌ను రేడియేటర్‌కు తెస్తుంది, కిందది చల్లారినదాన్ని తిరిగి ఇంజన్‌కు పంపుతుంది. లీకున్న చోట ఎండిపోయిన తెల్లటి లేదా రంగు పొక్కు అంటుకుని ఉంటుంది. పైపును నడిమధ్యన ఒకసారి, క్లిప్పుల దగ్గర ఒకసారి నొక్కి చూడండి. మధ్యలో గట్టిగా ఉండి చివర్లలో మెత్తబడిందంటే రబ్బరు లోపలి నుంచి పగులుతోందన్నమాట. ఉబ్బి జారుడుగా ఉంటే దాని మీద ఇంజన్ ఆయిల్ కారుతోంది. ఆ ఆయిల్ లీకు కూడా ఆపకపోతే కొత్త పైపుకీ అదే గతి.

పైపు కొనడానికి పరిగెత్తేముందు క్లిప్పు చూడండి. పొక్కు సరిగ్గా పైపు చివరన, క్లిప్పు అంచునే ఉండి, రబ్బరు బాగానే ఉంటే దోషం క్లిప్పుదే కావచ్చు. స్క్రూ క్లిప్పయితే ఒకటి రెండు చుట్లు బిగించండి. అంతకు మించి బలం చూపిస్తే క్లిప్పు రబ్బరును కోసేస్తుంది, లేదా పైపు తొడిగే రేడియేటర్ ప్లాస్టిక్ మూతి పగులుతుంది. స్ప్రింగు క్లిప్పు తుప్పు పట్టి పట్టు సడలితే మార్చేయడమే.

పైపు, కూలెంట్ కొనేటప్పుడు

కారు పేరు, తయారైన ఏడాది, పెట్రోలా డీజిలా, పై పైపా కింది పైపా, ఇవన్నీ చెప్పి కొనండి. వీలైతే పాత పైపు చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకోండి. ఈ పైపులు ఆ కారు వంపుకు తగ్గట్టు అచ్చు పోసి వస్తాయి. రాయగడ, గుణుపురం లాంటి చోట్ల కొట్టులో ఆ అచ్చు దొరక్కపోతే తిన్నటి పైపు ముక్క కోసి ఇస్తామంటారు. తీసుకోవద్దు. మలుపు దగ్గర నొక్కుకుపోయి కూలెంట్ పారదు. రెండు రోజులు ఆలస్యమైనా పార్వతీపురం నుంచో విజయనగరం నుంచో తెప్పించుకోవడమే మేలు. సాలూరు లారీల ఊరు కాబట్టి క్లిప్పులకు అక్కడ కొరతుండదు. పైపు మార్చినప్పుడు రెండు క్లిప్పులూ కొత్తవే వేయండి.

కూలెంట్ రంగు చూసి కొనడం నమ్మదగ్గ పద్ధతి కాదు. ఒకే రంగులో వేర్వేరు రకాలుంటాయి. కారుతో వచ్చిన పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయండి. నీళ్లు కలిపేసిన డబ్బా అయితే అలాగే పోసుకోవచ్చు. చిక్కటిదైతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కలపండి. బోరు నీళ్లలోని ఉప్పులు లోపల గారలా పేరుకుంటాయి.

మార్చే పద్ధతి

1. కింద టబ్బు పెట్టి కూలెంట్ దించండి. రేడియేటర్ అడుగున కూలెంట్ దించే మర ఉంటే దాన్ని విప్పండి, లేకపోతే కింది పైపు వదులు చేయాలి. పై పైపు ఒక్కటే మారుస్తుంటే మట్టం ఆ పైపు కిందికి దిగితే చాలు.

2. క్లిప్పు వదులు చేసి పైపు మధ్యలోకి జరపండి. స్ప్రింగు క్లిప్పును ప్లయర్‌తో నొక్కి పట్టుకోండి. జారితే ఎగిరి కంట్లో పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

3. పైపును లాగొద్దు, అటూ ఇటూ తిప్పండి. అంటుకుపోయి రాకపోతే బ్లేడుతో పొడుగునా చీల్చి ఒలిచేయండి. స్క్రూ డ్రైవర్ దూర్చి ఎత్తితే రేడియేటర్ మూతి విరుగుతుంది. అప్పుడు పైపు ఖర్చు కాదు, రేడియేటర్ ఖర్చు. బ్లేడు గీత మూతి మీద పడినా అదే దారిన మళ్లీ కారుతుంది.

4. మూతి మీది పొక్కు శుభ్రం చేయండి. ఇనుముదో అల్యూమినియందో అయితే సన్న ఎమెరీ కాగితం, ప్లాస్టిక్‌దైతే తడిగుడ్డ.

5. క్లిప్పులు ముందే కొత్త పైపుకు తొడిగి, లోపలి అంచుకు కాస్త సబ్బు నీళ్లు రాసి ఎక్కించండి. తేలిగ్గా జారుతుందని గ్రీజు రాస్తారు కొందరు, అది రబ్బరును తినేస్తుంది.

6. పైపు చివరిదాకా కూర్చున్నాక క్లిప్పు బిగించండి. మూతి చుట్టూ ఒక గట్టులాంటిది ఉంటుంది. క్లిప్పు దానికి అవతల ఉండాలి, గట్టు మీద కాదు. పైపు చివర నుంచి అర సెంటీమీటరు వదలండి. ఫ్యానుకో బెల్టుకో పైపు తగలకుండా చూసుకోండి.

కూలెంట్ పోసి గాలి తీయడం

చాలామంది తొందరపడేది ఇక్కడే. లోపల గాలి బుడగ మిగిలితే లీకు లేకపోయినా ఇంజన్ వేడెక్కుతుంది.

బ్యాటరీ తీగ మళ్లీ బిగించి, కారు చదునైన చోట, వీలైతే ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా పెట్టండి. కూలెంట్ నెమ్మదిగా పోయండి. గాలి తీసే స్క్రూ ఉన్న కార్లలో దాన్ని విప్పి, బుడగలు లేకుండా ధార వచ్చాక బిగించాలి. మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టండి. పై పైపును మధ్యమధ్యలో నొక్కుతుంటే బుడగలు పైకొస్తాయి. పైపు వేడెక్కిందంటే, ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. అప్పుడు మట్టం ఒక్కసారిగా దిగుతుంది, మళ్లీ పోయండి. బుడగలు ఆగగానే, పొంగకముందే మూత బిగించండి. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనిచ్చి, క్లిప్పుల దగ్గర టార్చితో చూడండి. హీటర్ నుంచి చల్లగాలి వస్తూ, ఇంజన్ వేడి చూపే మీటరు మాత్రం పైకెక్కుతుంటే గాలి ఇంకా ఉన్నట్టే. ఆపేసి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి.

మర్నాడు పొద్దున డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండేలా నింపండి. స్క్రూ క్లిప్పులు ఒకసారి చల్లారాక కొంచెం సడలుతాయి, చూసి బిగించండి.

ఘాట్ మధ్యలో పగిలితే

మీటరు ఎర్ర గీత దగ్గరికి వెళ్తే ఇంకొక్క మలుపు అనుకోకుండా ఆపండి. కాలిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే ఇంజన్ పైభాగమైన హెడ్ పగలొచ్చు. చల్లారాక పగులు పైపు చివరనే ఉంటే, పొడవు సరిపోతుందనుకుంటే ఆ ముక్క కోసేసి మళ్లీ ఎక్కించండి. మధ్యలో ఉంటే బాగా తుడిచి, సైకిల్ ట్యూబు పట్టీని సాగదీస్తూ పొరమీద పొరగా చుట్టి తీగతో కట్టండి. తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు కారులో ఉంటే ఇంకా మంచిది. ఎం-సీల్ లాంటివి గట్టిపడి, పైపు ఊగగానే ఊడిపోతాయి. లీకు ఆపుతుందని అమ్మే మందు పైపు పగులుకు పనికిరాదు, పైగా హీటర్‌లోని సన్న గొట్టాలను మూసేయొచ్చు.

తాత్కాలికంగా మంచినీళ్లు పోసి మూత కొంచెం వదులుగా పెడితే కట్టు మీద ఒత్తిడి తగ్గుతుంది. కానీ అప్పుడు నీళ్లు త్వరగా మరుగుతాయి. 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో 97 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే ఏసీ ఆపి, నెమ్మదిగా, మీటరు మీద కన్నేసి దగ్గరి ఊరు దాకా మాత్రమే వెళ్లండి.

కొత్త పైపు వేశాక కూడా మట్టం రోజూ తగ్గుతూ, బయట ఎక్కడా తడి కనబడకపోతే ఇంజన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లబడినా, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా హెడ్ కింద సీలులా ఉండే గాస్కెట్ పోయి ఉండొచ్చు. ఇక ఆ కారును నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. వచ్చినప్పుడు దించిన పాత కూలెంట్ డబ్బా కూడా ఆయనకే ఇచ్చేయండి, కాలవలో పోయొద్దు.