అండమాన్ ప్రయాణానికి ముందు పంచాంగం చూడండి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి అండమాన్ దీవులకు వెళ్లదలచినవారు విమానం టిక్కెట్టు కొనడానికి ముందే పంచాంగం తెరిచి తిథులు చూసుకోవాలి. అక్కడ ఏది ఎప్పుడు కనిపించాలో నిర్ణయించేది సముద్రపు ఆటుపోట్లు. నీరు రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు వెనక్కు తీస్తుంది; ఆ వేళలు ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, వాటి తర్వాత ఒకటి రెండు రోజుల వరకు, నీరు బాగా పైకి పొంగి, అంతే దూరం వెనక్కు పోతుంది. అష్టమి ప్రాంతంలో ఈ తేడా స్వల్పం.

ఈ సంగతి తెలియక నేను మొదటిసారి నీల్ దీవిలోని సహజ రాతివంతెన దగ్గరకు సరిగ్గా పోటు వేళకు చేరాను. 2018లో షహీద్ ద్వీప్ అని పేరు మారిన దీవి ఇదే. రాతిని ఢీకొంటున్న అలలు తప్ప నాకేమీ కనిపించలేదు. మర్నాడు నీరు తీసిన వేళ మళ్లీ వెళ్తే, నిన్న సముద్రం ఉన్నచోట రాతి గుంటలు బయటపడి ఉన్నాయి. మన పప్పుగిన్నె అంత లోతున్న ఒక గుంటలో సముద్ర దోసకాయ అనే నల్లటి జీవి ఒకటి కదలకుండా పడి ఉంది. దాని పక్కనే వేలెడంత చేపలు రెండు రాతి సందులోకి దూరుతూ బయటికి వస్తూ ఉన్నాయి. ఖాళీ గవ్వను ఇల్లు చేసుకున్న పీత ఒకటి నా నీడ పడగానే లోపలికి ముడుచుకుంది. అరగంట సేపు ఆ ఒక్క గుంట దగ్గరే కూర్చున్నాను. మీరు కూడా పది చోట్లు తిరగడం మాని, ఇలాంటి ఒక్క చోట స్థిమితంగా కూర్చోవాలని నా కోరిక.

అక్కడ ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అనంతపురంలో కురిసే వానకు అది అయిదు రెట్లు ఉంటుంది. అందువల్ల జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న కాలాన్ని ఎంచుకొని, అందులో అమావాస్యకు అటూ ఇటూ వచ్చే రోజులు పెట్టుకోండి. చీకటి రాత్రులలో నీటిని చేత్తో కదిపితే సూక్ష్మజీవులు నీలంగా మెరిసే దృశ్యం కూడా అదృష్టం ఉంటే దొరుకుతుంది. కర్నూలువారికి హైదరాబాదు, అనంతపురంవారికి బెంగళూరు, కడపవారికి చెన్నై విమానాశ్రయాలు అనుకూలం.

గడియారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆ దీవులు మనకు దాదాపు 15 డిగ్రీల తూర్పున ఉన్నా అక్కడా మన సమయమే నడుస్తుంది కాబట్టి సూర్యుడు మనకంటే దాదాపు గంట ముందు ఉదయించి, గంట ముందే అస్తమిస్తాడు. జనవరిలో అయిదున్నర కాకముందే పొద్దుగూకుతుంది. హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం చూడాలంటే నాలుగింటికల్లా అక్కడ ఉండాలి.

పగడపు దిబ్బల కోసం పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయపురానికి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని వండూరు వెళ్లి, 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోకి అనుమతి తీసుకోండి. అందులో జాలీ బోయ్, రెడ్ స్కిన్ అనే రెండు దీవులను పగడాలకు విశ్రాంతి దొరికేలా ఏడాదిలో ఒకదాని తర్వాత ఒకటిగా తెరుస్తారు. జాలీ బోయ్‌కి ప్లాస్టిక్ తీసుకుపోకూడదు. బావుల్లోనూ కె.సి. (కర్నూలు-కడప) కాలువలోనూ ఈత నేర్చినవారైనా సముద్రంలో లైఫ్ జాకెట్ విడవకూడదు. ముఖం నీటిలో ముంచి, కాళ్లు పైకి తేల్చి, కదలిక తగ్గించి పడుకోండి. కాసేపటికి కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. చిలకముక్కు వంటి నోరున్న చేపలు పగడపు రాతిమీది నాచును గీకి తినే చప్పుడది. అవి మింగిన రాతిపొడే తెల్లని ఇసుకగా బయటికి వస్తుంది. ఆ దిబ్బ బతికున్న జీవుల కట్టడం కనుక, అలసట కలిగినా దానిపై కాలు మోపవద్దు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీటి అంచుకు కూడా పోవద్దు. అక్కడివి ఉప్పునీటి మొసళ్లు.

బారాటాంగ్ దీవిలో మడ అడవుల నడుమ సాగే పడవ ప్రయాణం సున్నపురాతి గుహల కంటే నాకు ఎక్కువ నచ్చింది. బెలుం గుహలు చూసిన మనకు అక్కడి గుహలు చిన్నవే. కాని వంపు తిరిగిన ఊతవేళ్లపై చెట్లు నిలబడి ఉండే ఆ సన్నటి కాలువ మన సీమలో ఎక్కడా లేదు. అక్కడికి రోడ్డు మార్గం జారవా అనే ఆదివాసుల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. దారిలో వాహనం ఆపడం, ఫోటోలు తీయడం, తినుబండారాలు ఇవ్వడం చట్టవిరుద్ధం. వారు ఆ అడవి సొంతదారులు. వారిని చూడడానికని ఎవరూ ఆ దారి పట్టకూడదు.

పక్షుల కోసం చిడియా టాపుకు తెల్లవారకముందే వెళ్లండి. రోళ్లపాడు గడ్డిమైదానంలో బట్టమేక పిట్ట కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నవారికి ఈ ఓపిక కొత్త కాదు. ఎర్ర జుట్టున్న నల్లటి అండమాన్ వడ్రంగిపిట్ట ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. కొమ్మపై పడే ముక్కు దెబ్బ ముందు వినిపిస్తుంది, పిట్ట తర్వాత కనిపిస్తుంది.

పగడాలు ఏరి తెచ్చుకోవడం నేరం; ఒడ్డున పడి ఉన్న గవ్వలు కూడా పీతలకు ఇళ్లవుతాయి కనుక వదిలేయండి.

సమయం మిగిలితే ఉత్తరాన దిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్ తీరానికి ఒక రోజంతా ప్రయాణం చేసి వెళ్లవచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు రాత్రివేళ సముద్రపు తాబేళ్లు అక్కడ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. అటవీశాఖ సిబ్బంది చెప్పినచోటే కూర్చొని, టార్చి, ఫోన్ ఆర్పివేయండి. వెలుతురు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగిపోతుంది.