గింజలతో ఆడించినా లెక్క రావట్లేదా? 6, 7, 8 తరగతుల లెక్కల టీచర్లకు

"వీళ్లకు లెక్కలంటే ఇంట్రెస్ట్ లేదు" అని స్టాఫ్ రూమ్‌లో నేనూ చాలాసార్లు అన్నాను. ఏ జ్వరమో చూడకుండా అందరికీ ఒకటే గోళీ ఇచ్చినట్టు, ఇంట్రెస్ట్ లేదనగానే ఏదో ఒక యాక్టివిటీ పెట్టేవాణ్ణి. ఒక్కోసారి పనిచేసేది. ఎక్కువసార్లు అల్లరి మిగిలేది. ఆ అల్లరి సర్దుమణిగాక పిల్లల నోట్సులు తిరగేస్తుంటే, ఇంట్రెస్ట్ లేకపోవడం అని మనం అనేదాని వెనక ఒక్కొక్కరికి ఒక్కో తేడా ఉందని మెల్లగా తెలిసింది. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నాకు ఎదురైనవి, వాటికి నేను చేసి చూసినవి కింద రాస్తున్నాను. మీ క్లాసులో ఏది కనబడుతోందో దాని దగ్గరికే నేరుగా వెళ్లండి, వరసగా చదవక్కర్లేదు.

ఆడించినప్పుడు వస్తుంది, నోట్సు తెరిస్తే రాదు

లక్షణం: ఏడో తరగతి, పూర్ణసంఖ్యలు. మొక్కజొన్న గింజలు ప్లస్, చింతగింజలు మైనస్. పీరియడంతా కళకళలాడింది. మర్నాడు బోర్డు మీద −3 − 2 రాస్తే సగం మంది 5 అన్నారు. ఎందుకురా అంటే, "రెండు మైనస్‌లు ప్లస్ కదా సార్."

కారణం: తప్పు గింజలది కాదు, నాది. బెల్లు కొడతారన్న కంగారులో చివరి ఐదు నిమిషాల్లో గింజలు పక్కకు నెట్టి, "రెండు మైనస్‌లు ప్లస్, రాసుకోండి" అనేశాను. ఆట ఆటగానే ఉండిపోయింది, రాత వేరే దారిన పోయింది. పిల్లలు ఇంటికి పట్టుకెళ్లింది ఆ చివరి ముక్కనే.

పరిష్కారం: గింజ కదిలిన ప్రతిసారీ నోట్సులో ఒక వరస పడాలి. 3 − (−2) తీసుకోండి. బెంచీ మీద మూడు మొక్కజొన్న గింజలున్నాయి. అందులోంచి రెండు చింతగింజలు తీసెయ్యాలి. తీద్దామంటే అక్కడ చింతగింజే లేదు! ఇక్కడ మీరు నోరు కట్టేసుకోవాలి. ఒక మొక్కజొన్న, ఒక చింతగింజ జంట కడితే సున్నా అని అంతకుముందే ఆడి ఉంటారు కాబట్టి, రెండు మూడు నిమిషాలు ఓపిక పడితే ఎవరో ఒకరికి తడుతుంది. మా క్లాసులో "సున్నాలు తెచ్చి పెట్టుకుందాం సార్" అన్నది, అప్పటిదాకా లెక్కల పీరియడ్‌లో నోరు విప్పని పిల్ల. రెండు జంటలు తెచ్చి పెట్టారు. ఇప్పుడు మొక్కజొన్నలు ఐదు, చింతగింజలు రెండు. విలువ మాత్రం ఇంకా మూడే. చింతగింజలు రెండూ తీసేస్తే ఐదు మిగిలాయి.

వెంటనే, ఆ గింజలు బెంచీ మీద ఉండగానే, పక్కన −3 − 2 చేయించండి. మూడు చింతగింజలున్నాయి, రెండు మొక్కజొన్నలు తీయాలి. అవి లేవు. మళ్లీ రెండు జంటలు తెచ్చి, మొక్కజొన్నలు తీసేస్తే చింతగింజలు ఐదు. అంటే −5. ఈ రెండు లెక్కలూ ఒకే బెంచీ మీద పక్కపక్కన జరిగితేనే తేడా కంటికి కనబడుతుంది. విడివిడిగా చేయిస్తే కనబడదు, నేను చేసి చూశాను.

రెండో రోజు గింజలు తేవద్దు. నోట్సులో ఖాళీ గుండ్రాలు ప్లస్, నింపిన గుండ్రాలు మైనస్. మూడో రోజు బొమ్మ కూడా లేకుండా, "ఎన్ని జంటలు తెచ్చావు?" అని నోటితో అడగడం. గుర్తులతో రాయడం ఆ తర్వాత. "రెండు మైనస్‌లు ప్లస్" అనే మాట ఇప్పుడు కూడికలు, తీసివేతల దగ్గర నా నోట రాదు. గుణకారం పాఠంలో వస్తుంది, అదీ "గుణిస్తే" అని ముందు పెట్టి.

2.10 పెద్దదా, 2.8 పెద్దదా? తడుముకోకుండా 2.10 అంటారు

కారణం: ఎనిమిది కంటే పది పెద్దది కాబట్టి అలా అంటున్నారని మనం అనుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం గాజుల దుకాణంలో ఉంది. గాజుల సైజులు 2.4, 2.6, 2.8, 2.10. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. రెండంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు ఇన్ని అని దాని అర్థం. 2.8 గాజు లోపలి వ్యాసం రెండున్నర అంగుళాలు. 2.10 అంటే రెండంగుళాలూ పదహారింట పది వంతులు. అక్కది 2.6, అమ్మది 2.8, పెద్దమ్మది 2.10 అని తెలిసిన పిల్లతో మనం 2.10 చిన్నదంటే, పైకి తలాడిస్తుంది. లోపల మాత్రం సారుకు గాజుల సంగతి తెలియదనుకుంటుంది, అది నిజం కూడా. క్రికెట్ చూసే పిల్లలది ఇంకో కథ. వాళ్ల లెక్కలో 19.5 తర్వాత 20 వస్తుంది, 19.6 రాదు.

పరిష్కారం: తప్పని కొట్టేయకుండా పాఠాన్ని అక్కడే మొదలుపెట్టండి. తలా ఒక గాజు తెమ్మనండి. మెటల్‌వో ప్లాస్టిక్‌వో చాలు, మట్టి గాజులు పగిలితే వాళ్లమ్మ దగ్గర మనకు చీవాట్లు. స్కేలుతో లోపలి వ్యాసం కొలిస్తే 2.4 గాజు 5.7 సెంటీమీటర్లు వస్తుంది, 2.8 గాజు 6.3కీ 6.4కీ మధ్య, 2.10 గాజు 6.6కీ 6.7కీ మధ్య. సైజు సైజుకూ 3 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతోందని ఎవరూ చెప్పకుండానే పట్టేస్తారు. తర్వాత ఓవర్లు. ఒక బౌలర్ ఒక మ్యాచ్‌లో 4.3 ఓవర్లు, ఇంకోదాంట్లో 3.4 ఓవర్లు వేశాడు, మొత్తం ఎన్ని? 7.7 అని రాసినవాణ్ణి పక్కవాడే అడుగుతాడు, ఏడు బంతుల ఓవరేంట్రా అని. 27 బంతులూ 22 బంతులూ కలిపి 49, అంటే 8.1.

ఇప్పుడు అడగండి: గాజు చుక్క వెనక 16 ఉంది, ఓవర్ చుక్క వెనక 6 ఉంది, మరి మన పుస్తకంలోని చుక్క వెనక ఎంతుంది? 10 అని వాళ్లే చెప్పాలి. ఆ వెంటనే వరండా నేల మీద టేపు పరిచి 2.8 మీటర్ల దగ్గర ఒక గీత, 2.10 మీటర్ల దగ్గర ఒక గీత గీయించండి. ఒకటి 2 మీటర్ల 80 సెంటీమీటర్లు, ఇంకోటి 2 మీటర్ల 10 సెంటీమీటర్లు. మధ్యలో ఒక పిల్లాడు కూర్చునేంత ఖాళీ ఉంటుంది. నిజంగానే ఒకణ్ణి కూర్చోబెట్టండి, నవ్వుతారు, గుర్తుంటుంది.

దశాంశాలకు రూపాయలు, పైసలు ఉదాహరణ చెప్పడం మనకు అలవాటు. పావలా 2011 జూన్ 30తో చెల్లుబాటు కాకుండా పోయింది. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్నవాళ్లు అప్పటికి పుట్టనే లేదు. పైసలు మన జ్ఞాపకం, వాళ్లది కాదు. టేపే మేలు.

గాజులు ఎలాగూ వచ్చాయి కాబట్టి, వాటినే ఎనిమిదో తరగతికి పట్టుకెళ్లండి. గాజు అంచు మీద ఒక చుక్క పెట్టి, కాగితం మీద ఒక చుట్టు దొర్లించి, ఆ పొడవును బయటి వ్యాసంతో భాగిస్తే ఏ సైజు గాజుకైనా 3.1 అటూ ఇటూ వస్తుంది.

వైశాల్యం అంటే ఏంటంటే సూత్రం అప్పజెబుతారు

లక్షణం: "పొడవు ఇంటూ వెడల్పు సార్." మరి ఈ చింతాకుకు వైశాల్యం ఉందా అంటే, "లేదు సార్, దానికి పొడవు వెడల్పు రాదు." చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా అడిగితే ఒకదాంట్లో కూడాలి, ఒకదాంట్లో గుణించాలి అంటారు.

కారణం: వస్తువు కంటే ముందు సూత్రం వచ్చింది.

పరిష్కారం: ఒక పీరియడ్ గ్రౌండ్‌లోకి వెళ్లండి. కావల్సింది 132 అడుగుల తాడు, సుద్దపొడి. మన దగ్గర గుంట అంటే 121 చదరపు గజాలు, చదరంగా గీస్తే సరిగ్గా 33 అడుగులకు 33 అడుగులు. ముందుగా గుంట ఎంతుంటుందో ఊహించి పిల్లల్నే చుట్టూ నిలబడమనండి. మా ఏడో తరగతి వాళ్లు నిలబడ్డ చోటు గుంటంత లేనే లేదు. రోజూ ఇంట్లో పది గుంటలు, ఇరవై గుంటలు అనే మాట వింటూ పెరిగిన పిల్లలు!

మూలలు లంబకోణంలో రావాలి కదా, అక్కడ తాపీ మేస్త్రీ పద్ధతి వాడండి. ఒక మూల నుంచి ఒక వైపు 3 అడుగుల దగ్గర, ఇంకో వైపు 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండింటి మధ్య దూరం 5 అడుగులు వచ్చేదాకా తాడు జరపాలి. మా క్లాసులో ఒకడి నాన్న మేస్త్రీ. ఆ రోజు పాఠం చెప్పింది వాడే, నేను సుద్దపొడి పట్టుకుని వెనక నడిచాను. పైథాగరస్ పేరు అప్పుడు ఎత్తలేదు, పై క్లాసులో ఎలాగూ వస్తుంది.

గుంట గీశాక ఒక మూలలో అడుగు చదరపు న్యూస్‌పేపర్ ముక్కలు వరసగా పరిపించండి. ఒక వరసకు 33 పడతాయి. ఇలాంటి వరసలు 33. 1,089 అని ఎవరో కాగితం మీద వేస్తారు. ఇప్పుడు అదే తాడును 60 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు వచ్చేలా లాగమనండి. తాడు తగ్గలేదు, పెరగలేదు. లోపలి నేల 360 చదరపు అడుగులకు పడిపోయింది, దాదాపు మూడో వంతు. "మిగతా జాగ ఎటు పోయింది సార్?" అన్నాడొకడు. ఆ ప్రశ్న వచ్చాక చుట్టుకొలత, వైశాల్యం వేరువేరని నేను విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

ఆంధ్ర వైపు టీచర్లయితే సెంట్లలో చేయొచ్చు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. గుంటకు ఎన్ని సెంట్లో పిల్లల్నే తేల్చమనండి. అది ఇంకో పీరియడ్‌కు సరిపడా నిష్పత్తి లెక్క.

నిష్పత్తి అంటే గుర్తొచ్చింది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75. అన్నిట్లోనూ 2:3 దాక్కుని ఉంది. వంటక్క దగ్గర త్రాసు అడిగి 150 గ్రాములు తూచి చూపిస్తే చాలు, ఇవాళ ఇంతమంది వచ్చారు, ఎన్ని కిలోలు పడతాయో లెక్క కట్టడానికి పోటీ పడతారు.

గ్రూపులో ఒకడే చేస్తాడు, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తారు

కారణం చాలాసార్లు సామానే. ఎనిమిది మందికి ఒక కిట్ ఇస్తే చేతులు రెండే పనిచేస్తాయి. అదీ ముందు బెంచీ చేతులు. ఇంకో కారణం, ఖరీదైన వస్తువు చెడిపోతుందేమోనన్న మన భయం. డిసెంబరు 22న రామానుజన్ జయంతికి థర్మోకోల్ మోడళ్లు చేయించి, పక్కన "తాకరాదు" అని చీటీ అంటించి, మర్నాడు బీరువాలో పెట్టి తాళం వేసిన పాపం నాకూ ఉంది.

పరిష్కారం: ఇద్దరికి మించి గ్రూపు వద్దు. పోయినా బాధ లేని సామాను వాడండి: గింజలు, పాత కేలండర్ కాగితాలు, అగ్గిపుల్లలు, తాడు. ఇద్దరిలో ఒకరు చేతులు కదపాలి, మాట్లాడకూడదు. ఇంకొకరు ఏం చేయాలో చెప్పాలి, ముట్టుకోకూడదు. లెక్క మారినప్పుడల్లా పాత్రలు మారాలి. బాగా వచ్చినవాడికి ఇది నరకం, ఎందుకంటే చెయ్యి పెట్టకుండా నోటితో చెప్పాలంటే నిజంగా తెలిసుండాలి.

"అర్థమైందా?" "అయింది సార్!"

ఇది పాఠం కాదు, పాట. మనం పల్లవి ఎత్తుకుంటే వాళ్లు అందుకుంటున్నారు, అంతే. ఆ ప్రశ్న అడగడం మానేసి, పలకలు తెప్పించండి. జవాబు రాసి, నేను మూడు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. పక్కవాణ్ణి చూసి రాసే వీలుండదు, చేతులెత్తే నలుగురికే క్లాసు పరిమితం కాదు. నేను వారానికోసారి కావాలనే తప్పు చేసిన లెక్కను బోర్డు మీద వేసి, తప్పు ఎక్కడుందో పలక మీద వరస నంబరు రాయమంటాను. సారు తప్పు పట్టుకోవడంలో ఉన్న హుషారు ఇంకెందులోనూ ఉండదు.

ఎక్కాలు రావు, అందుకని ఏ పాఠమూ కదలదు

ఏడో తరగతిలో నిలబెట్టి ఏడో ఎక్కం అడిగితే రాదు, సిగ్గు మాత్రం వస్తుంది. ఆ సిగ్గుతోనే భిన్నాలు, క.సా.గు. అన్నీ మూసుకుపోతాయి. పది పదుల గుణకార పట్టిక నోట్సు అట్టకు అంటించుకోమనండి. చూసి చేయనివ్వండి. బద్ధకస్తులైపోతారని ఒక తోటి టీచర్ వాదించారు. నాకు కనబడింది వేరు: చూసే పని విసుగనిపించి, చాలామంది నెల రెండు నెలల్లో వాళ్లంతట వాళ్లే చూడటం మానేశారు.

గోల, సిలబస్

గోల గురించి హెడ్ మాస్టర్ కంటే ముందు పక్క క్లాసు టీచర్‌కు చెప్పి ఉంచండి, సగం గొడవ తప్పుతుంది. సిలబస్ విషయానికొస్తే, ప్రతి పాఠానికీ ఆట పెట్టాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో పిల్లలు ఎక్కడ గుంపుగా ఒకే తప్పు చేశారో చూడండి. యాక్టివిటీ అక్కడ పెట్టండి. మిగతావి బోర్డు మీద చెప్పినా నడుస్తాయి.

ఎప్పుడూ పక్కవాడి నోట్సులోంచే దించుకుంటాడు

దీనికి పైన చెప్పినవేవీ పనిచేయకపోతే, లెక్కలు పక్కన పెట్టి వాణ్ణి తను కూర్చునే చోటు నుంచి బోర్డు మీది అంకెలు చదవమనండి. పిల్లలు అందరికీ అలాగే మసగ్గా కనబడుతుందనుకుంటారు, అందుకే చెప్పరు. మా ఆరో తరగతిలో ఒకణ్ణి ఏడాదంతా సోమరి అనుకున్నాను. కళ్లద్దాలు వచ్చిన వారంలోనే లేచి నిలబడి, "సార్, మూడో లైన్లో మీరు 6 బదులు 8 వేశారు" అన్నాడు.