మేపుల్ అడవి భవిష్యత్తు తెలియాలంటే నేల మీద మొలకలు లెక్కపెట్టండి

మేపుల్ అనగానే అందరూ తల పైకెత్తుతారు. ఎర్రబడే ఆకులు, చలికాలం చివర్లో మాను నుంచి కారే తియ్యటి రసం, మాట్లాడేదంతా వాటి గురించే. కానీ ఆ అడవికి రేపు ఏమవుతుందో తెలిసేది మాత్రం కింద, జానెడు ఎత్తు కూడా లేని మొలకల్లో. మేపుల్‌లో ఒక రకమైన షుగర్ మేపుల్ నీడకు బాగా ఓర్చుకుంటుంది, దాని పిల్లమొక్కలు పెద్ద చెట్ల కింద పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, దాదాపు ఎదగకుండా అలాగే కాచుకుని ఉండి, పైన ఏదో ఒక చెట్టు కూలి వెలుగు పడ్డాక లేస్తాయి. కాచుకున్న ఆ మొక్కలే లేకపోతే పైన ఎంత పచ్చగా ఉన్నా ఆ అడవిలో మేపుల్‌కి తర్వాతి తరం లేనట్టే. అందుకే మీ దగ్గర ఒక టేపు, తాడు, కొన్ని మేకులు, భూతద్దం, నోట్‌బుక్కు ఉంటే మొలకల లెక్కతోనే మొదలుపెట్టండి.

ముందు చెట్టును గుర్తుపట్టడం. మేపుల్‌కి ఆకులు ఎప్పుడూ ఎదురెదురుగా, ఒకే కణుపు దగ్గర జంటగా వస్తాయి. షుగర్ మేపుల్ ఆకు అంచు నున్నగా ఉంటుంది, రెడ్ మేపుల్ ఆకు అంచుకు చిన్న చిన్న రంపపు పళ్లు ఉంటాయి. ఉత్తర అమెరికాలో చేస్తుంటే నార్వే మేపుల్‌తో జాగ్రత్త. యూరప్ నుంచి తెచ్చి నాటిన ఆ చెట్టు ఇప్పుడు అడవుల్లోకి కూడా పాకింది, ఆకు చూస్తే అచ్చం షుగర్ మేపుల్ లాగే ఉంటుంది. ఒక ఆకును కాడతో సహా తుంచి చూడండి: తెల్లటి పాలు వస్తే నార్వే, నీళ్లలాంటి రసం వస్తే షుగర్. ఈ తేడా పట్టించుకోకపోతే మీ అంకెలన్నీ వృథా.

ఇక ఎప్పుడు వెళ్లాలి? రెడ్ మేపుల్ గింజలు వసంతం చివర్లో రాలి, చాలావరకు వెంటనే మొలకెత్తేస్తాయి. షుగర్ మేపుల్ గింజలు శరత్కాలంలో రాలి, చలికాలమంతా ఆకుల కింద గడిపి, దాదాపు 1 డిగ్రీ చలిలోనే మొలకెత్తడం మొదలుపెడతాయి. కాబట్టి ఆకులు విచ్చుకున్నాక ఒకసారి, వేసవి చివర్లో ఇంకోసారి వెళ్లండి, తేదీ రాయడం మర్చిపోవద్దు.

మొలకలు లెక్కపెట్టడానికి నేల మీద మేకులు, తాడుతో గుర్తుపెట్టే చదరాలు వేసేటప్పుడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మొలకలు గుబురుగా ఉన్న చోటుకే కళ్లు పోతాయి, అక్కడే మేకులు దింపాలనిపిస్తుంది. అలా చేయొద్దు. కాలిబాటకు దూరంగా 100 మీటర్ల గీత ఊహించుకుని, దాని మీద ఎన్నో మీటరు దగ్గర చదరం వేయాలో ఇంట్లోనే చీటీలు తీసి రాసుకెళ్లండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చదరాలు ఇరవై అయినా ఉండాలి, ఒక్క పెద్ద చదరం కంటే అడవిలో పరుచుకున్న ఇరవై చిన్నవి చాలా నయం. ఒక్క మొలక కూడా లేని చదరం వస్తే దాన్ని జరపకండి, సున్నా అని రాయండి. నేను మొదటి ఏడాది అలాంటివి వదిలేశాను, సగటు నిజం కంటే ఎక్కువ వచ్చింది, ఆ ఏడాది పనంతా మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చోండి. ఈ ఏడాది మొలకకు అడుగున పొడవాటి పట్టీల్లాంటి రెండు బీజదళాలు, అంటే గింజలోంచి మొదట వచ్చే ఆకులు, ఉంటాయి. అవి లేని మొక్కను పైనుంచి కిందికి భూతద్దంతో చూస్తూ రండి, కాండం చుట్టూ సన్నటి గీతలు గుంపుగా, ఉంగరాలు తొడిగినట్టు కనబడతాయి. చలికాలపు మొగ్గ మీది పొలుసులు రాలిన మచ్చలు అవి, ఏడాదికి ఒక గుంపు. రెండు గుంపుల మధ్య ఎడం ఆ ఏడాది ఎదుగుదల, కొన్నిచోట్ల అది అర సెంటీమీటరు కూడా ఉండదు. వేలెడంత మొక్కకు పన్నెండేళ్లు లెక్క తేలినప్పుడు దాన్ని చూసే చూపే మారిపోతుంది. వయసు, ఎత్తు రెండూ రాయండి. చిగురు తెగిపోయి ఉంటే తెగిన చోటు చూడండి: చివర పీచుపీచుగా చిరిగి ఉంటే జింక తిన్నట్టు, ఎందుకంటే దానికి పైదవడ ముందుపళ్లు ఉండవు. కత్తితో ఏటవాలుగా కోసినట్టు ఉంటే కుందేలు.

మొలకలు తక్కువగా ఉంటే వెంటనే జింకల మీద నెపం వేసేయొద్దు, నేలను కూడా చూడాలి. వానపాము రైతు నేస్తం అని చదువుకున్నాం కదా, ఇక్కడ కథ తిరగబడుతుంది. మంచుయుగంలో మంచు కప్పిన ఉత్తర అమెరికా అడవుల్లో స్థానిక వానపాములు లేవు, ఇప్పుడున్నవి మనుషులతో పాటు బయటి నుంచి వచ్చినవి. మేపుల్ మొలకలు వేళ్లూనుకునే ఆకుల పొరను అవి తినేస్తాయి. పరీక్ష సులువే. మీ చదరానికి రెండు మూడు మీటర్ల దూరంలో అడుగు చదరంలో ఆకులు తీసేసి, 4 లీటర్ల నీళ్లలో 40 గ్రాముల ఆవపిండి కలిపి సగం పోయండి, కొన్ని నిమిషాలాగి మిగతా సగం పోయండి. ఘాటుకు వానపాములు పైకి వస్తాయి, లెక్కపెట్టండి. వాటిని వేరే చోట వదలొద్దు.

ఇంకో కారణం కాల్షియం. ఆమ్ల వర్షం ఏళ్ల తరబడి నేలలోని కాల్షియాన్ని కడిగేసింది. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న హబ్బర్డ్ బ్రూక్ ప్రయోగ అడవిలో 1999లో ఒక పరీవాహక ప్రాంతం మొత్తం మీద హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజం చల్లి చూశారు. తర్వాతి ఏళ్లలో అక్కడి షుగర్ మేపుల్ మొలకలు పక్క ప్రాంతంలోని వాటికంటే ఎక్కువగా బతికాయి, పెద్ద చెట్లూ కోలుకున్నాయి. కాబట్టి పై 10 సెంటీమీటర్ల మట్టిని నాలుగైదు చోట్ల తీసి కలిపి ల్యాబ్‌కి పంపండి, కాల్షియం, పీహెచ్ రెండూ అడగండి.

పెద్ద చెట్లకు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది, అంతే.

ఒక్క ఏడాది అంకెతో ఏ నిర్ణయానికీ రావద్దు. షుగర్ మేపుల్ కొన్నేళ్లకోసారి విరగకాస్తుంది, మరుసటి వసంతంలో నేలంతా మొలకలే, వాటిలో చాలావరకు ఏడాది తిరక్కుండానే పోతాయి. అందుకే ఈ ఏడాది మొలకలను, పాతవాటిని వేర్వేరు వరుసల్లో రాయండి, అసలు చూడాల్సింది మూడేళ్లు దాటినవాటినే. చదరానికి ఐదు మొలకలకు రంగు తీగను వదులుగా చుట్టండి, బిగిస్తే కాండం లావయ్యాక కోసేస్తుంది. వచ్చే ఏడాది అదే వారంలో వెళ్లి, ముందు ఆ తీగలనే వెతకండి.