తొక్కితే జర్కులిస్తున్న కారు: ముందు ఆ రబ్బరు పైపు వంచి చూడండి

నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నున్నగా తిరుగుతుంది. నిదానంగా పోతే ఏ ఇబ్బందీ లేదు. ఓవర్‌టేక్ చేద్దామని కాస్త గట్టిగా తొక్కారో, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగి వదిలినట్టు కుదుపులు. ఈ ఫిర్యాదుతో వచ్చేవాళ్లు చాలామంది అప్పటికే ప్లగ్గులు మార్పించి, ఇంజెక్టర్లు క్లీన్ చేయించి, ట్యాంకులో ఏదో ఒక సీసా కూడా ఒంపేసి ఉంటారు. బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే రబ్బరు పైపు చూశారా అంటే మాత్రం నోట మాట రాదు.

నేను చెప్పేది మాన్యువల్ గేర్ల పెట్రోలు కారు గురించి.

ముందు ఆర్‌పీఎం ముల్లు చూడండి

ముల్లు పైకి లేస్తోంది గానీ వేగం పెరగట్లేదా? క్లచ్ జారుతోంది, ఇంజన్ జోలికి పోకండి. మొదటి గేరులో కదిలేటప్పుడు మాత్రమే దడదడలాడితే క్లచ్ ప్లేటో, ఇంజన్ మౌంటో. మిగతా గేర్లలో కూడా తొక్కినప్పుడల్లా కుదుపుతుంటేనే కిందకి చదవండి. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించండి. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది.

మిస్ కొడుతోందా?

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పి0302 వస్తే రెండో సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండట్లేదని. దాని కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పంపేది) తీసి మూడో దానికి, మూడోది దీనికి పెట్టండి. కోడు పి0303కి మారితే కాయిలే దొంగ. మారకపోతే ప్లగ్గుల్నీ అలాగే అటూ ఇటూ మార్చి చూడండి. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే కరెంటు ఆ దారిన పారిపోతోందన్నమాట. అప్పుడు ప్లగ్గుతో పాటు కాయిల్ కింది రబ్బరు బూటు కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్గు మీద కూడా అదే గీత పడుతుంది.

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే

ఒక బండికి నేను ప్లగ్గులు మార్చాను, రెండు కాయిల్స్ మార్చాను, ఆఖరికి ఫ్యూయల్ పంపు కూడా దించాను. జర్కు జర్కే. మూడో రోజు ఫిల్టర్ డబ్బా తీస్తుంటే పైపు అడుగున మడతలో వేలికి ఏదో తగిలింది. పైపు వంచితే చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది, వదిలితే మూసుకుంది. పై నుంచి చూస్తే గీత కూడా కనపడదు. ఓనరు మొదటిరోజే చెప్పాడు, "ఎయిర్ ఫిల్టర్ మార్చాక మొదలైందండీ" అని. నేనే వినిపించుకోలేదు.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా బాడీకి బిగించి ఉంటుంది, ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ ఇంజన్ మీద ఉంటుంది. మధ్యలో మడతల రబ్బరు పైపు. తొక్కగానే ఇంజన్ మౌంట్ల మీద ఒక పక్కకి ఒరుగుతుంది, పైపు సాగుతుంది, చీలిక తెరుచుకుంటుంది. అక్కడ దూరే గాలిని ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) చూడలేదు, ఎందుకంటే సెన్సర్ దానికి ముందే ఉంది. 1 పాలు పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. కంప్యూటర్ తన లెక్కలో ఉన్న గాలికే పెట్రోలు పోస్తుంది, లెక్కలో లేని గాలికి పోయదు. మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది. ఐడిల్‌లో ఇంజన్ ఒరగదు కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. కొన్ని బండ్లలో రివర్స్‌లో కుదుపు అసలు ఉండదు, ఇంజన్ రెండో వైపు ఒరిగి చీలిక మూసుకుంటుంది కాబట్టి. ఆ గుర్తు దొరికితే సగం పని అయిపోయినట్టే.

ఇంజన్ ఆపండి, చల్లారనివ్వండి. పైపుని రెండు చేతులతో పట్టుకుని సాగదీసి, మెలితిప్పి, ఒక్కో మడతా విప్పి చూడండి. అడుగు వైపు అద్దమూ టార్చీ పెట్టి చూడండి. రెండు క్లాంపులూ కదిపి చూడండి. ఫిల్టర్ మార్చినప్పుడు డబ్బా మూత సరిగ్గా కూర్చోకపోయినా, క్లాంపు గాడి తప్పినా ఇలాంటి గోలే. స్కానర్ ఉంటే పి0171 (మిశ్రమం పలచబడిందని చెప్పే కోడు) కోసం చూడండి. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచి, ఎంత తగ్గించి సర్దుకుంటోందో చెప్పే అంకె) +10 శాతం దాటి ఉంటే అనుమానం బలపడినట్టే. ఎంఏఎఫ్ లేకుండా, థ్రాటిల్ దాటాక ఇంజన్ గాలి దారిలో ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సర్‌తో నడిచే బండ్లలో మాత్రం ఈ చీలిక ఇంత అల్లరి చేయదు.

చీలిక దొరికితే పైపు మార్చడమే. టేపు ఇంటిదాకా చేరడానికి పనికొస్తుంది, తర్వాత ఆయిల్ ఆవిరికి జిగురు ఊడిపోతుంది. సెన్సర్ తీగని వేలితో ముట్టుకోకండి, మురికిగా ఉంటే దాని కోసమే అమ్మే స్ప్రే వాడండి. కోడు చెరిపేసి, అంతకుముందు ఏ గేరులో కుదిపిందో అదే గేరులో తొక్కి చూడండి. ట్రిమ్ మెల్లగా సున్నా దగ్గరికి రావాలి.

ఇంకేమన్నా ఉంటే

ఎక్కువసేపు తొక్కి పట్టుకుంటేనే చచ్చుబడుతోందంటే ఫ్యూయల్ ప్రెజర్ గేజి పెట్టండి, ఫిల్టరో పంపో తేలిపోతుంది. థ్రాటిల్ బాడీ మురికి, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఉంటాయి గానీ, కన్వర్టర్ మూసుకుపోతే కుదుపు కన్నా పికప్ పోవడమే ముందు తెలుస్తుంది. ఇంజన్ కంప్యూటర్ పోయిందని ఎవరైనా అంటే, పైపు చూశారా అని అడగండి.