ఆన్‌లైన్ వేలానికి సరుకు ఎక్కడ దొరుకుతుంది: పాత కవర్లు, నాణేల మీద నా లెక్క

మా నాన్న నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. ఇంట్లో పాల లెక్క కూడా ఉర్దూ అంకెల్లోనే రాసేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఆ పది అంకెలు, ఓ పాతిక మాటలు, అంతే. ఇప్పుడు నా వ్యాపారానికి అసలు పెట్టుబడి అదే. టీచరుగా రిటైరయ్యాక ఏడేళ్లుగా పాత తపాలా కవర్లు, స్టాంపులు, హైదరాబాద్ సంస్థానం నాణేలు కొని ఆన్‌లైన్ వేలంలో అమ్ముతున్నాను. కలిసినవాళ్లంతా "ఎక్కడ అమ్ముతారు మేడమ్?" అనే అడుగుతారు. అమ్మడానికి ఫేస్‌బుక్ గ్రూపులున్నాయి, వాట్సాప్ వేలాలున్నాయి, నాణేల వేలం సంస్థల వెబ్‌సైట్లున్నాయి. ఈబే 2018లో మన దేశంలో అమ్మకాలు ఆపేసినా, ఇక్కడి నుంచి విదేశాలకు అమ్మేవాళ్లు ఇంకా దాన్ని వాడుతున్నారు. సరుకు దొరకడమే కష్టం. అందుకని దాని గురించే రాస్తున్నాను.

అమ్మేవాడికంటే మీకు బాగా తెలిసిన సరుకు ఒక్కటి ఎంచుకోండి. ఒకసారి ఓ వేలంలో "1357 నాటి దస్తావేజు, 670 ఏళ్ల పురాతనం" అని పెట్టారు. నవ్వాగలేదు. అది ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు రెవెన్యూ లెక్కల్లో వాడిన సంవత్సరం. హైదరాబాద్ ఫసలీకి 590 కలిపితే 1947 వస్తుంది. నాణేల మీద ఉండేది మాత్రం హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన సంవత్సరం, దానికి లెక్క వేరు. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి దొరికితే నేను ముందు ద్వారంలోకి చూస్తాను. అక్కడ ఉర్దూ 'మీమ్' అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఇది తెలియని కొట్టువాడు రెండూ ఒకే గిన్నెలో వేసి ఒకే ధర చెబుతాడు. మీకు గడియారాలు తెలిస్తే గడియారాలు, రేడియోలు తెలిస్తే రేడియోలు. అన్నీ కొందామనుకుంటే ఇల్లు గోదాము అవుతుంది.

ఆ దస్తావేజు మాత్రం నేను కొనలేదు. కారణం చట్టం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం వంటి వస్తువు పురావస్తువు. చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకు, పత్రాలకు 75 ఏళ్లే గీత. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అందుకే మహబూబ్ రూపాయి ఎంత ముద్దొచ్చినా వదిలేస్తాను. ఉస్మాన్ నాణేల్లో కూడా 1940ల నాటివే తీసుకుంటాను, కవర్లలో 1950 తర్వాతవి. "పొలంలో దొరికిందమ్మా" అంటూ ఎవరైనా మూట విప్పితే దండం పెట్టేస్తాను. నేలలో దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది.

ఇక వెతికే చోట్లు. గురువారం పొద్దున్నే పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్. దాన్ని చోర్ బజార్ అని ఊరికే అనరు. తాళం పగిలిన పెట్టె, పేర్లు గీకేసిన వస్తువు అక్కడ ముట్టుకోకండి. ఆదివారం కొట్లు మూసేశాక ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పుస్తకాల్లో పేజీల మధ్య కవర్లు, టికెట్లు దొరుకుతాయి. కానీ అక్కడివాళ్లు తెలివి మీరిపోయారు, నాకు మిగిలేది తక్కువ.

నా సరుకులో సగం పైగా వచ్చేది మా వీధి చివర పాత పేపర్ల కొట్టు నుంచి. పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టె మొదట చేరేది అక్కడికే. కొట్టు భాయ్ న్యూస్‌పేపరు కిలో పన్నెండో పదిహేనో ఇచ్చి కొంటాడు. ఉత్తరాల కట్ట పక్కన పెడితే కిలో నూట యాభై ఇస్తానని చెప్పాను. మొదట్లో నమ్మలేదు. ఇప్పుడు ఆయనే ఫోన్ చేస్తాడు: "అమ్మా, పాత ఖత్‌లు వచ్చినయ్, ఒచ్చి చూస్కోండ్రి." నేను బేరమాడను. ఒక్కసారి రూపాయి తగ్గించినా, తర్వాతి పెట్టె నా చెవిన పడకుండానే అట్టల మిల్లుకు పోతుంది. ఆ కట్టల్లో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన గల్ఫ్ ఉత్తరాలుంటే పండగే. కువైట్, దుబాయ్, మస్కట్ స్టాంపులతో డెబ్భైల, ఎనభైల నాటి కవర్లను విడిగా సేకరించేవాళ్లున్నారు. లోపలి ఉత్తరం మాత్రం అమ్మను. భార్యకు రాసుకున్న మాటలు వేలానికి పెట్టడం నాకు నచ్చదు. ఇంటివాళ్లు దొరికితే ఇచ్చేస్తాను, లేకపోతే చించేస్తాను.

కవరు మీద స్టాంపు కత్తిరించకండి. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే. కవరు విలువ చాలాసార్లు ముద్రలో ఉంటుంది: ఏ ఊరు, ఏ తేదీ, ఏ దారిన వెళ్లింది. స్టాంపు పది రూపాయలు కూడా చేయని కవరు, మూతపడిన ఓ చిన్న తపాలా ఆఫీసు ముద్ర చక్కగా పడినందుకు నాకు ఏడు వందలు తెచ్చింది.

ఆన్‌లైన్ వేలాలు అమ్మే చోటే కాదు, కొనే చోటు కూడా. పేరు తప్పు రాసినవి, "మిక్స్‌డ్ లాట్" అని ఒకే మసక ఫోటో పెట్టినవి చూస్తాను. ఫోటో పెద్దది చేసి మూలల్లో సగం కనిపించే వస్తువులు వెతుకుతాను. నచ్చితే నా గరిష్ఠ ధర కాగితం మీద రాసి, ఒక్కటే పాట పాడి ఫోన్ పక్కన పెట్టేస్తాను. ఈ అలవాటు డబ్బు పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను. ఓ రాత్రి పదకొండింటికి 1948 గాంధీ పది రూపాయల స్టాంపు కోసం ఎవరితోనో పంతానికి పోయి, టెన్షన్‌తో చెమటలు పట్టి, 4,500కి గెలిచాను. వచ్చింది నకిలీ. అసలు సెట్టు స్విట్జర్లాండ్‌లో అచ్చయింది, చుట్టూ అంచు పంటి కొలత (రెండు సెంటీమీటర్లలో ఎన్ని పళ్లో ఆ లెక్క) పదకొండున్నర. నాకొచ్చిన దానికి ఆ కొలత రాలేదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తలేదు. మరుసటి రోజే పంటి కొలత పట్టీ, పది రెట్ల భూతద్దం కొన్నాను. రెండూ కలిపి ఆరు వందలు కాలేదు.

నకిలీలు ఎక్కువగా తిరిగేవి మరో రెండు. 1939 వెండి రూపాయి నిజంగా అరుదు, అందుకే ఎవరి దగ్గర చూసినా ఉంటుంది! రామ దర్బారు, హనుమంతుడు బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ నాణెం అసలు లేనే లేదు. దానికి లక్షలిస్తామనే ఫోన్లన్నీ మోసమే. పాత నోట్లు, నాణేల పేరుతో, తమ పేరు వాడుకుని చార్జీలు అడిగేవాళ్లున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఎంతకు కొనాలో నేను వెనక నుంచి లెక్కేస్తాను. అడిగే ధర చూడొద్దు, పాట ముగిసిన ధర చూడండి. అలాంటి వస్తువు ఈమధ్య ఐదుసార్లు అమ్ముడైతే, ఎక్కువ పలికినదాన్ని కొట్టేసి మిగతా నాలుగింటి సగటు తీస్తాను. అది 600 అనుకోండి. కమిషన్‌కు 90, ప్యాకింగు, స్పీడ్ పోస్టు కలిపి ఓ 80 పోతే 430. మూడింట ఒకటి అమ్ముడుపోకుండా వెనక్కొస్తుంది, కాబట్టి 200కి మించి పెట్టను. వెండి నాణేనికి అంతకు దిగని కనీస ధర ఒకటి ఉంటుంది: కరిగిస్తే వచ్చే ధర. 1930ల చివరి వరకు బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి నూటికి దాదాపు 92 పాళ్లు. 1940 నుంచి సగమే వెండి, 1947ది నికెలు. హైదరాబాద్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 82 పాళ్లకు కాస్త తక్కువ. జేబు తూకం ఒకటి దగ్గరుంటే బజారులోనే తేలిపోతుంది.

కొన్నాక ఏమీ చేయకండి. నిజంగా ఏమీ చేయొద్దు. మొదటి ఏడాది నేను పన్నెండు ఉస్మానియా నాణేలను చింతపండు పెట్టి పూజ సామాను తోమినట్టు తోమాను. తళతళలాడాయి. కొనేవాళ్లు ఫోటో చూసి వెండి ధర తప్ప ఇవ్వలేదు. కాగితానికి సెల్లోటేపు, లామినేషన్ అంతకంటే పెద్ద శత్రువులు.

వాన పడే గురువారం జుమ్మేరాత్ బజార్‌కి జనం పలచగా ఉంటారు, నాణేలు బేరానికి వస్తాయి. కాగితం సరుకు మాత్రం ఆ రోజు కొనకండి. పైకి పొడిగానే కనిపిస్తుంది, ఇంటికొచ్చి కట్ట విప్పితే లోపల కవర్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి.