ఇంట్లో పాట రికార్డ్ చేస్తున్నారా? మైక్ కంటే ముందు బొంత సంగతి చూడండి

ఖరీదైన మైక్ కొనే ముందు గదిని సరిచేసుకోండి. ఖాళీ గోడలు, టైల్స్ నేల, గాజు కిటికీలు గొంతును తిప్పికొడతాయి. ఆ ప్రతిధ్వని ఒకసారి రికార్డింగ్‌లో కలిసిందంటే తర్వాత తీసేయడం చాలా కష్టం. మంచి మైక్ అయితే దాన్ని ఇంకా స్పష్టంగా పట్టేస్తుంది! పరుపు, బట్టలు నిండిన అల్మారా ఉన్న పడకగది హాలు కంటే ఎంతో నయం.

ఈ ప్రతిధ్వనిని తగ్గించడానికి చాలామంది దుప్పటిని మైక్ వెనక కడతారు. కానీ ఇళ్లలో ఎక్కువగా వాడే కార్డియాయిడ్ మైక్ తన ముందువైపు శబ్దాన్నే బాగా తీసుకుంటుంది. అంటే మీ గొంతుతో పాటు మీ వీపు వెనకున్న గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని కూడా. కాబట్టి బొంత వేలాడదీయాల్సింది మీ వెనక. మందంగా ఉండాలి, గోడకు ఆనకుండా కాస్త ఎడంగా ఉండాలి. పలచటి దుప్పటైతే రెండు మూడు మడతలు వేయండి.

నోటికీ మైక్‌కీ మధ్య జానెడు దూరం చాలు. మైక్‌ని పెదవులకు సూటిగా కాకుండా కొంచెం పక్కగా పెడితే ప, ఫ, బ, భ పలికేటప్పుడు గాలి దెబ్బ తగలదు. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చోటు పాడి చూసి, శబ్దం స్థాయిని చూపే మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలన్న సెట్టింగ్) పెట్టుకోండి. మీటర్ ఎరుపు తాకి, రికార్డింగ్‌లో పగిలిన గొంతును బాగుచేయడం దాదాపు అసాధ్యం.

ఫ్యాన్, ఏసీ ఆపేయండి. పాటకు తోడుగా నడిచే సంగీతం ట్రాక్‌ని చెవులు మూసే హెడ్‌ఫోన్స్‌లోనే వినండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, ఆడాసిటీ ఉచితమే.